చదవడానికి మాత్రమే

నాలుగు, మళ్ళీ నాలుగు, మళ్ళీ నాలుగు. కుడిచేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు కాబట్టి ఉంగరపు వేలితోనే కొట్టాను, ఒక్కో అంకెనూ మేకు దిగేసినట్టు కొట్టాను, ఆ తర్వాత ఫైలు పేరు, నిన్నటి తేదీ, రోలింగ్ షెడ్డు కెమెరా, మధ్యాహ్నం షిఫ్టు, ఎంటర్. తెర ఏమీ అనలేదు. ఈ నల్లతెర సంగతే అంత, తప్పు చేస్తే అరుస్తుంది, చెప్పింది చేస్తే నోరెత్తదు, మిల్లులో పనివాళ్ళు కూడా ఇలాగే ఉండాలని యాజమాన్యం కోరిక. జాబితా తీసి చూశాను. ఆ ఫైలు పేరుకు ముందుండే అక్షరాల్లో రాసే హక్కును చెప్పే అక్షరం ఊడిపోయి దాని చోట చిన్న గీత మిగిలింది, పన్ను రాలగొట్టిన చోట సందులా. ఇక దాన్ని చూడొచ్చు, ఇన్‌స్పెక్టరు చూడొచ్చు, ఆసుపత్రిలో పడున్నవాడి పెళ్ళాం చూడొచ్చు, జడ్జి చూడొచ్చు, మార్చడానికి మాత్రం ఎవడికీ వీల్లేదు, ఆఫీసులో చల్లగా కూర్చునే ఓనరుగారి అల్లుడికి కూడా. పదకొండింటికి పోలీసులొస్తారు. ఈ ఒక్క గంటా ఇది ఇక్కడ బతికుంటే చాలు, మా బావ పని అయిపోతుంది. బావ అంటే మా అక్క మొగుడు, ఇనప చువ్వలు తీసే ఈ మిల్లుకు ఫోర్‌మన్, ఆ ఫైల్లో రాడ్డు పట్టుకున్నవాడు.

పొద్దున డ్యూటీ ఎక్కగానే చూశాను, చూసి ఊరుకోలేదు, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఈ కెమెరాలకు చెవుల్లేవు, బొమ్మే తప్ప చప్పుడుండదు, కాబట్టి ఈలగాడు అందులో మొదటిసారి నిశ్శబ్దంగా ఉన్నాడు. హాజరుపట్టీలో వాడి పేరేదో ఉంది గానీ మిల్లు మొత్తానికి వాడు ఈలగాడే, కొలిమి హోరును చీల్చుకుని వినిపించేది వాడి ఈల. చువ్వను దారిలో పెట్టే ఇనపరేకు బోల్టులు వదులై అదరడం చూశాడు వాడు, చూసి ఎర్ర బొత్తాం మీద అరచేత్తో గుద్దాడు, రోలర్లు ఆగాయి, వాటి మధ్య ఎర్రగా పాకుతున్న చువ్వలు ఉన్నచోటే నిలిచి, ఎరుపు చచ్చి, నల్లబడి బిగుసుకుపోయాయి. వాటిని కోసి తియ్యాలంటే షిఫ్టు మొత్తం పోతుంది. బొమ్మ అంచులోంచి బావ వచ్చాడు. పరిగెత్తలేదు, ఆయన ఎప్పుడూ పరిగెత్తడు. మొదటి దెబ్బ రెక్క మీద, ఎవరో పిలిచారనుకున్నట్టు ఈలగాడు వెనక్కి తిరిగాడు. రెండోది అడ్డం పెట్టిన ముంజేతి మీద, కీలు లేని చోట చెయ్యి వంగింది. ఆ తర్వాత మోకాళ్ళు. వాడు కూలబడ్డాక బావ ఆగి, మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, దాన్ని మడతపెట్టి భుజాన వేసుకున్నాడు, అయిపోయిందనుకున్నాను నేను, చుట్టూ నిలబడ్డవాళ్ళూ అలాగే అనుకునుంటారు, అప్పుడు రాడ్డు రెండు చేతుల్తో ఎత్తి తల మీద కొట్టాడు. ఆ తువ్వాలు మడతపెట్టడం చూడ్డానికే నేను వెనక్కి తిప్పింది. కోపంలో కొట్టినవాడు తువ్వాలు మడతపెట్టడు. పనివాళ్ళు చేతులు వేలాడేసుకుని నిలబడ్డారు, వాళ్ళలో ఒకడు ఎగిరిపడ్డ బూటు ఏరి తెచ్చి ఈలగాడి కాలి పక్కన బుద్ధిగా పెట్టాడు, అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు వాడు గొంతులో గొట్టంతో ఉన్నాడు. మెట్ల మీంచి జారి పడ్డాడని యాజమాన్యం రాసిచ్చింది. ఆ కెమెరా అద్దం మసిపట్టి ఏమీ కనపడదని బావ ధీమా. మొన్న నిచ్చెనేసి తుడిచింది నేను.

స్టేషనుకు ఫోన్ చేసిందీ నేనే. ఫోన్ పెట్టేసిన కాసేపటికే సంగతి ఆఫీసుకు చేరిపోయింది, స్టేషను కూడా మా యాజమాన్యానికి తెరిచిపెట్టిన ఫైలే. అందుకే తాళం. ఈ కంప్యూటరు డబ్బాకు పెన్‌డ్రైవు పెట్టే సందుల్లో ఏనాడో జిగురు పోశారు, ఎవడూ ఏదీ పట్టుకుపోకుండా, సెల్‌ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పడేసి రావాలి, నాకు తెలిసిన కమాండ్లు చేతికి మిగిలిన వేళ్ళ కంటే ఎక్కువుండవు. వాటిని నాకు నేర్పింది అంతకుముందు ఈ గదిలో కూర్చున్న కళ్ళద్దాలాయన. హక్కులు మార్చాలంటే సీహెచ్ మోడ్ అని కొట్టు, అన్నాడు, తర్వాత మూడు అంకెలు, మొదటిది సొంతదారుకి, రెండోది వాడి గుంపుకి, మూడోది లోకానికి, చదివే హక్కు నాలుగు, రాసే హక్కు రెండు, నడిపే హక్కు ఒకటి, మూడూ ఉన్నవాడు ఏడు, ఏమీ లేనివాడు సున్నా. ఆయన దాన్ని లెక్కలా చెప్పాడు. నాకు అది మా ఇల్లులా వినపడింది.

మా నాన్న ఏడు. అమ్మ నాలుగు, అన్నీ చూసేది, దేన్నీ మార్చలేకపోయేది. నేను సున్నా. ఒక సెలవురోజు పొద్దున్నే సుత్తి తీసుకుని నాన్న ఇంట్లో తలుపులన్నిటికీ గడియలు పీకేశాడు, పడగ్గదిది, వంటింటిది, స్నానాలగదిది, నేను వచ్చేసరికి ఈ ఇంట్లో మూసిన తలుపు కనపడకూడదు అన్నాడు, మేకులు ఊడిన కన్నాల్లోంచి చెక్కపొట్టు చాలారోజులు రాలింది. అమ్మ స్నానం చేస్తుంటే ఒక కాలు తలుపుకు తన్నిపెట్టుకునేది. నాన్న సైకిలు ట్యూబుతో కొట్టేవాడు, దెబ్బకు చర్మం చిట్లదు, లోపల ఉడుకుతుంది, బడికి వెళ్తే పైకి ఏమీ కనపడదు. అక్క నన్ను ఏ మూలకో తోసి తలుపుకు వీపు ఆనించి నిలబడేది, గడియ లేని తలుపుకు అదే గడియ, నాన్న అవతలి నుంచి తన్నేకొద్దీ దాని పళ్ళు టకటకా కొట్టుకునేవి, నేను లోపల నుంచి భుజం మీదుగా ముందుకు పడ్డ దాని జడ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు చెవి పట్టుకుని గోడకేసి కొడితే ఆయన మణికట్టు కొరికాను, వదల్లేదు, ముగ్గురు లాగితే గానీ నా దవడ ఊడిరాలేదు, నోట్లో ఆయన రక్తం ఉప్పగా, వెచ్చగా. అక్కడితో నా చదువు సరి. నాన్న చచ్చినరోజు నేను ఏడవలేదు, వడ్రంగిని పిలిచి గడియలు పెట్టించాను. అక్క అప్పటికి ఇంకో తలుపుకు వీపు ఆనించి నిలబడింది, ఈసారి బయట నుంచి తన్నేది బావ, లోపల దాచడానికి ఎవరూ లేరు, ఎందుకు నిలబడేదో దానికే తెలియాలి.

గోడ ఫోన్ మోగింది. అల్లుడుగారేమో అనుకుని ఎత్తాను. అక్క.

"ఒరేయ్ చిన్నోడా, స్టేషనుకు ఫోన్ చేశావటగా."

"చేశాను."

"ఏం పోయేకాలంరా నీకు."

"వాడు చచ్చేట్టున్నాడక్కా."

"వాడికి పెళ్ళాం ఉంది ఏడవడానికి. మీ బావ లోపలికెళ్తే నన్నెవడు చూస్తాడు, నువ్వా? నీ లుంగీ నువ్వు సరిగ్గా కట్టుకోలేవు ఆ చేత్తో."

"నిన్ను కొట్టట్లేదా ఆయన?"

"నా దెబ్బలు నావి. ఎప్పుడైనా నీకొచ్చి చూపించానా, మందు రాయమన్నానా? నీ చెయ్యి తగలబడినప్పుడు ఒట్టిచేతుల్తో ఆర్పిందెవరో అది చెప్పు ముందు."

అవతల కుళాయి కారుతున్న చప్పుడు, అక్క ఊపిరి.

"ఏదో నొక్కితే పోతుందట కదరా. నొక్కెయ్."

"పోదు. తాళం వేశాను."

"వేసినోడివి నువ్వేగా, తియ్యి." గొంతు మారి, "ఆ వేళ్ళ మొదళ్ళకి మళ్ళీ చీము పడుతోందన్నావు, తగ్గిందా?" అంది.

పెట్టేశాను. పెట్టేశాక చెవి మండింది, చెంపదెబ్బ తిన్నట్టు. ఒట్టిచేతుల్తో ఆర్పింది బావే, అబద్ధమెందుకు. అప్పుడు నేను కింద రోలర్ల దగ్గర పట్టకారు పనిలో ఉన్నాను, ఇలాగే ఆ రేకు వదులైంది, నిప్పులా ఉన్న చువ్వ దారి తప్పి గాల్లోకి లేచి పాములా మెలికలు తిరిగి నా చెయ్యి మీదుగా పోయింది, నొప్పి లేదు మొదట, వేళ్ళు లేవన్న సంగతి కూడా తెలియలేదు, నా చొక్కా చెయ్యి మండుతుంటే ఎవరిదో అనుకుని చూశాను. బావ వచ్చి నన్ను కింద పడేసి మీద కూర్చుని అరచేతుల్తో ఆ మంటను చరిచి చరిచి చంపాడు, ఆయన అరచేతుల చర్మం నా చొక్కాకు అంటుకుని వచ్చింది. నన్ను ఆ షెడ్డులోంచి ఈ కెమెరాల గదిలోకి మార్పించిందీ ఆయనే, చూస్తూ కూర్చో, చాలు, అన్నాడు. అప్పుడు ఎర్ర బొత్తాం గుద్దేవాడు ఒకడుంటే నా వేళ్ళు నాకుండేవి. ఈలగాడు అదే చేశాడు. ఆ అరచేతుల్తోనే బావ వాడి మీదికి రాడ్డెత్తాడు. ఈ రెండూ ఒకే మనిషివని ఒకే బుర్రలో పెట్టుకుని కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు మనిషి, ఏదో ఒకటి పగలాలి.

ఒకసారి అక్క పెదవి చిట్లి, కన్ను మూసుకుపోయి ఉంటే తట్టుకోలేక అడగడానికి వెళ్ళాను. బావ నన్ను కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, తాగేదాకా ఆగాడు. అప్పుడు అక్కను పిలిచి నా ఎదురుగా నిలబెట్టి చెంప మీద కొట్టాడు, కొడుతున్నంతసేపూ దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. చూశావుగా, అన్నాడు, ఇక ఇంటికెళ్ళు. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని పగలగొట్టి ఆయన గొంతులో దిగేసినట్టు ఆ తర్వాత ఎన్నిసార్లు ఊహించుకున్నానో, నిద్రపట్టడానికి అదే నాకు జోల. అందుకే ఎవరైనా న్యాయం కోసం చేస్తున్నావా అని అడిగితే కాదంటాను. ఈలగాడు బతికితే బతకనీ. నాకు కావలసింది బావ చేతులకు గొలుసు, మిల్లు గేటు దగ్గర అందరి ముందూ, తలొంచుకుని జీపు ఎక్కడం, ఎక్కేముందు తలెత్తి ఈ కిటికీ వైపు చూడడం. అక్క సంగతి అప్పుడు ఆలోచిస్తాను. ఆలోచించను, అది కూడా నాకు తెలుసు.

ఇనప మెట్ల మీద బూట్లు. ఆ నడక చప్పుడు నాకు నాన్న దగ్గు తెలిసినంతగా తెలుసు. తలుపు తీసుకుని వచ్చాడు, తలుపు వేశాడు, తెరలన్నిటినీ ఒకసారి చూశాడు, పశువుల సంతలో బేరగాడిలా.

"ఏరా బామ్మర్దీ, సినిమా వేస్తున్నావట. నాకు టికెట్టు లేదా?"

"నీదే హీరో వేషం బావా. కూర్చో."

వేశాను. చూడ్డానికి అందరికీ హక్కుంది, ఆయనకు మాత్రం ఎందుకు లేదు. నా కుర్చీ వీపు మీద చేతులానించి, నా నెత్తిన ఊపిరి వదులుతూ చూశాడు. మొదటి దెబ్బకు ఏమీ అనలేదు, చెయ్యి వంగినప్పుడు ఏమీ అనలేదు. తువ్వాలు దగ్గర మాత్రం ముందుకు వంగాడు.

"మడతపెట్టానా నేను?" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది, పక్కవాడి గురించి అడిగినట్టు. బొమ్మ అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత, "తీసెయ్," అన్నాడు.

"కుదరదు. తాళం వేశాను. ఇక ఎవడూ ముట్టుకోలేడు, మీ అల్లుడుగారు కూడా."

"ఏ చేత్తో వేశావు?"

కుడిచెయ్యి దాచుకునే లోపే మణికట్టు పట్టి బల్ల మీద పరిచాడు, వేళ్ళు పోయిన మొదళ్ళ మీద మోచెయ్యి పెట్టి తన బరువంతా దింపాడు. అక్కడ ఎముక పైకే ఉంటుంది. చూపు తెల్లబడింది, తెల్లదనంలో చుక్కలు, నేను అరిచానో నవ్వానో, రెండూ అయ్యుంటాయి. చంపు బావా, నన్ను చంపినా అది చావదు, ఇలా ఏదో వాగాను, వాగుతుంటే ఎంత హాయి, జన్మలో మొదటిసారి ఆయన దెబ్బ కింద ఉండి ఆయన కంటే పైనున్నాను. జుట్టు పట్టి మొహాన్ని కీబోర్డు మీద కొట్టాడు. పెదవి పన్ను మీద చిట్లింది, తెర మీద అర్థంలేని అక్షరాలు ఒక వరుస పడ్డాయి, మళ్ళీ కొట్టాడు, ఇంకో వరుస. ముక్కులోంచి కారేది అక్షరాల సందుల్లోకి దిగుతోంది. కొట్టు. పదకొండవుతోంది. కొట్టు.

ఆపేశాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఈసారి మడతపెట్టకుండా భుజాన పడేసుకుని, గోడ ఫోన్ ఎత్తి ఆఫీసుకు కలిపాడు, నాక్కూడా వినపడేలా బొత్తాం నొక్కాడు.

"అల్లుడుగారూ, మావాడు దానికి తాళం వేశాడట. తియ్యడట."

"చూశాను చూశాను." కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు. "ఫైలుకు వేశాడు. ఫోల్డరుకు కూడా వేశాడేమో అడగండి."

బావ నా వైపు చూశాడు. "ఫోల్డరుకు వేశావురా?"

నా నోటినిండా రక్తం. మింగాను.

"వెయ్యలేదండీ. మొహం చెప్తోంది."

అవతల నవ్వు, చెడ్డ నవ్వు కూడా కాదు, చిన్నపిల్లల ఆట చూసి నవ్వే నవ్వు. "పెట్టెకు తాళం వేసి గది తలుపు బార్లా తెరిచిపెట్టాడు పాపం. ఫైలుకు తాళం వేస్తే అందులో ఉన్నది మార్చలేను, అంతే కదండీ. ఫైలునే ఎత్తి అవతల పారెయ్యడానికి దాని తాళంతో నాకేం పని, ఫోల్డరులో రాసే హక్కుంటే చాలు. అది ఆఫీసులో మా అందరికీ ఉంది. ఇదిగో, అడుగుతోంది. రాయకూడని ఫైలు, నిజంగా తీసెయ్యమంటారా, అని. మర్యాద చూడండి దానికి. అవునన్నాను. అయిపోయింది. మీవాణ్ణి మొహం కడుక్కోమనండి, పోలీసులొస్తున్నారు."

బావ ఫోన్ పెట్టేసి నా భుజం తట్టాడు. ఎప్పుడూ తట్టేలాగే, మెత్తగా. "బోడి చదువు లేనోళ్ళం మనకెందుకురా ఇవి," అన్నాడు, "సాయంత్రం ఇంటికి రా, అక్క ఆ చెయ్యికి కట్టు కడుతుంది." మెట్లు దిగాడు. పరిగెత్తలేదు.

జాబితా తీశాను. నిన్నటి తేదీ మీద పొద్దుటి షిఫ్టు ఉంది, రాత్రి షిఫ్టు ఉంది, మధ్యలో ఉండాల్సింది లేదు, గీత కూడా మిగల్లేదు, పైదీ కిందిదీ ఒకదాన్నొకటి ఆనుకుని అసలు వాటి మధ్య ఎప్పుడూ ఏదీ లేనట్టు కూర్చున్నాయి. అప్పుడు గుర్తొచ్చాడు కళ్ళద్దాలాయన, ఆయన ఉద్యోగం వదిలి వెళ్ళే రోజు, సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర ఆగి, ఫైళ్ళతో ఏమైనా చేసుకో గానీ ఫోల్డర్ల జోలికి పోకయ్యా, నడుస్తున్నది ఆగిపోతుంది, అన్నాడు. నేను విన్నాను. నాకు చెప్పినవన్నీ విన్నాను, జీవితమంతా, అదే నాకు పట్టిన దరిద్రం. నన్ను దాచిన అక్క నన్నొక్కణ్ణే దాచింది, ఇల్లు మొత్తం నాన్నదే అన్న సంగతి దానికీ తట్టలేదు. ఈలగాడు చనిపోతే ఇక జారిపడి చనిపోయినవాడే. వాడి నెత్తిన పడ్డ ఆ ఆఖరి దెబ్బ ఈ లోకంలో ఇక ఎక్కడా లేదు, వాడి పుర్రెలో తప్ప.

గేటు కెమెరా తెర మీద జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు, వెనక సీటులోంచి ఈలగాడి పెళ్ళాం దిగింది, ఒళ్ళో పెట్టుకొచ్చిన గుడ్డసంచి గుండెకు అదుముకుని. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి ఆయన్ని ఆఫీసు వైపు నడిపించాడు, టీకి అయ్యుంటుంది, ఆమెను చేత్తో అక్కడే ఉండమన్నాడు. ఆమె గేటు పక్కన గట్టు మీద కూర్చుని తలెత్తి చుట్టూ చూసింది, స్తంభాలు, పొగగొట్టం, తర్వాత సూటిగా కెమెరాలోకి. చూపిస్తారట, అని ఎవరో చెప్పి తీసుకొచ్చుంటారు. ఏం చూపించను తల్లీ. ఆ చూపుకు నాలో లేచింది జాలి అనుకునేరు, ఒట్టి కసి. సీహెచ్ మోడ్ అని కొట్టాను. ఐదు, ఐదు, ఐదు. ఈసారి ఫైలుకు కాదు, ఫోల్డరుకే, చూడొచ్చు, లోపలికి రావొచ్చు, రాయడానికి మాత్రం ఎవడికీ లేదు, ఆఫీసుకు లేదు, అల్లుడికి లేదు, నాక్కూడా లేదు. కాపాడడానికి అందులో ఇక ఏమీ మిగల్లేదు. చచ్చినవాణ్ణి లేపి మళ్ళీ తన్నినట్టు కొట్టాను ఎంటర్. తెర ఏమీ అనలేదు.

కాసేపటికి గోదాము తెర మూలన ఎర్రచుక్క ఆరిపోయింది. బొమ్మ కదులుతూనే ఉంది, చుక్క లేదు. నేను రక్తం తుడుచుకుంటూ చూస్తుండగానే కొలిమి తెర మీద కూడా ఆరింది. అప్పుడు అర్థమైంది కళ్ళద్దాలాయన మాట. ఈ కెమెరాలు రోజంతటినీ ఒకే పోగుగా రాయవు, కొద్ది కొద్ది నిమిషాల ముక్కలుగా రాసి షిఫ్టు అయ్యాక ఒక్క ఫైలుగా కుడతాయి, రాస్తున్న ముక్క అయ్యాక కొత్తదాన్ని ఆ ఫోల్డరులోనే పెట్టాలి, పెట్టబోతే రాసే హక్కు లేదంటోంది, దాంతో ఒక్కొక్కటీ కలం కింద పడేసి ఊరికే చూస్తూ నిలబడుతోంది, నాలాగా. షెడ్డుల్లో గోడలకు బిగించిన ఎర్రదీపాలు కూడా ఆరిపోతుంటాయి వరుసగా. ఆ దీపాలు యాజమాన్యమే పెట్టించింది, రికార్డవుతోంది జాగ్రత్త అని పనివాళ్ళను బెదిరించడానికి. తూకం దగ్గరిది ఆరింది. రోలింగ్ షెడ్డుది ఇంకా వెలుగుతోంది. ఆ తెర మీద బావ నిలబడి బోల్టు బిగిస్తున్నవాడి వీపు మీద నుంచి చూస్తున్నాడు. కాసేపట్లో అక్కడ కూడా ఆరుతుంది. ఆరాక అక్కడ ఏం జరిగినా జరగనట్టే.

లేచాను. ఎలా లేచానో, మెట్లు ఎలా దిగానో, గోడకు ఆనించిన చువ్వల్లో ఒకదాన్ని ఎప్పుడు తీసుకున్నానో చెప్పమంటే చెప్పలేను. షెడ్డులోకి అడుగుపెట్టగానే వేడి మొహం మీద కొట్టింది, చిట్లిన పెదవి సలిపింది. స్తంభం చాటున నిలబడ్డాను. అవతలి గోడ మీద ఎర్రదీపం. బావ వీపు, చెమటకు అంటుకున్న చొక్కా, తువ్వాలు. తల వెనక ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు, పొద్దుట్నుంచి అదే చూశానుగా, చూసి చూసి నేర్చుకున్నాను, ఎవరూ నేర్పకుండా నేను నేర్చుకున్నది ఇదొక్కటే. కొడతాను, రాడ్డు దాని చోట పెడతాను, మెట్లెక్కి వెళ్ళి ఏడు ఏడు ఏడు అని కొట్టి ఫోల్డరు తెరిచేస్తాను, దీపాలు వెలుగుతాయి, ఫోర్‌మన్ జారి పడ్డాడు, యాజమాన్యం రాసిస్తుంది, రాయడం వాళ్ళకు అలవాటే. ఆరిపో దీపమా. ఆరవే. అక్క తలుపుకు వీపు ఆనించి నిలబడ్డం కనపడింది, పళ్ళు టకటకా, నువ్వు పక్కకు తప్పుకోవే, ఈసారి నేను బయట ఉన్నాను.

దీపం ఆరింది.

స్తంభం దాటి వచ్చాను. నాలుగడుగులు వేశానో లేదో బావ బోల్టు మీదినుంచి చెయ్యి తీశాడు. వెనక్కి తిరగలేదు, ఆ దీపం ఉండే చోటుకేసి తలెత్తి చూస్తున్నాడు, ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో. నేను ఎదురుచూసినట్టే ఆయన కూడా ఎదురుచూస్తున్నాడు.

"ఏరా, అందరూ టీకి వెళ్ళండి," అన్నాడు, గొంతు పెంచకుండా.

టీ గంట ఇంకా కొట్టలేదు. ఎవరూ ఆ మాట అనలేదు. బోల్టు బిగిస్తున్నవాడు పానా కింద పెట్టాడు, పట్టకార్లు కింద పెట్టారు, చేతులు వేలాడేసుకుని ఒకరి వెనక ఒకరు నా పక్కనుంచే నడిచి వెళ్ళారు, నా మొహం మీది రక్తాన్నీ నా చేతిలోదాన్నీ చూడకుండా, అలవాటైన తోవలో గుంట తప్పించి నడిచినట్టు. ఆఖరివాడు వెళ్ళాక బావ ఇటు తిరిగాడు. ఆయన చేతుల్లో ఏమీ లేదు. తువ్వాలు భుజం మీంచి తీశాడు, మొహం తుడుచుకున్నాడు, దాన్ని రెండు మడతలు వేసి, జాగ్రత్తగా రోలరు పక్కన బల్ల మీద పెట్టాడు.

"దీపాలార్పింది నువ్వేనా బామ్మర్దీ," అన్నాడు. "పొద్దుట్నుంచి అదొక్కటే నన్ను ఆపుతోంది. రా."